పత్రికాప్రకటనలలో అత్యుక్తి: అవిమృష్టవిధేయాంశ విచారము

చల్లపల్లి సంస్థానాధీశుల నామములకు ముందు ‘శ్రీమంతు రాజా’ యనియు, తుదిని ‘బహద్దరు’ అనియు బిరుదము లుండెడివి. ఆ సమీపముననే యున్న శ్రీకాకుళమున ఆంధ్రవిష్ణువు స్వప్నమున ఆనతిచ్చినట్లు చెప్పు ఆముక్తమాల్యద పీఠికలో రాజస్తుతియు విస్తారముగా కలదు. ఇట్టివానిని వినువారు స్తుతిగనే గ్రహింతురు. శౌర్యౌదార్యాదులను అద్భుతముగా, అతథ్యముగా వర్ణించుట అత్యుక్త్యలంకారమని కువలయానందమున అప్పయ్యదీక్షితులు నిరూపించిరి. అది అతథ్యమని వక్తయు శ్రోతయు ఎరుగుటయే అందలి చమత్కారమునకు మూలము.

వాణిజ్యసంస్థలు పత్రికలకు పంపు ప్రకటనలందును అత్యుక్తి కలదు. కాని అచట శ్రోత దానిని తథ్యమని నమ్మి ధనము పెట్టవలెనని వక్త కోరును. కావున అది దోషమగుచున్నది. ఆ దోషస్వరూప మెట్టిది?

“ప్రపంచస్థాయి సమగ్రపరిష్కార ప్రదానమున అగ్రగామియైన మా సంస్థ నూతనాధ్యాయమునకు శ్రీకారము చుట్టుచున్నది” అను తరహా వాక్యమును పరిశీలింతము. విశేషణములు పెక్కులు, ఏమి చేసిరి, ఎంత, ఎప్పుడు అను ఆకాంక్ష మాత్రము తీరదు. ప్రధానముగా చెప్పవలసిన విధేయమును సమాసమున అణచి అప్రధానము చేయుటను మమ్మటుడు కావ్యప్రకాశ సప్తమోల్లాసమున ‘అవిమృష్టవిధేయాంశ’ మను దోషముగా పరిగణించెను. ప్రకటనలందలి దోషము ఈ జాతికి చెందినదే.

హైదరాబాదునందలి సత్యం కంప్యూటర్స్ వృత్తాంతము దీనికి నిదర్శనము. అధ్యక్షుని కుటుంబమునకు సంబంధించిన మేటాస్ సంస్థలు రెంటిని 160 కోట్ల డాలర్లకు కొనబోవుచున్నట్లు 2008 డిసెంబరు 16న ఆ సంస్థ ప్రకటించెను. ‘సత్యం’ అను పేరును ఆంగ్లలిపిలో విలోమముగా చదివిన ‘మేటాస్’ అగును. వ్యాపారమునకు వైవిధ్యము కలిగి నష్టభయము తగ్గునని హేతువు చెప్పబడినది. మదుపరులు నిరసింపగా కొన్ని గంటలలోనే ఆ నిర్ణయము ఉపసంహరింపబడెను.

2009 జనవరి 7న అధ్యక్షుడు రామలింగరాజు వ్రాసిన లేఖలో ఆ కార్యమే వేరు వాక్యమున కనబడినది: కల్పితమైన ఆస్తుల స్థానమున నిజమైన ఆస్తులను నింపుటకు చేసిన తుదియత్న మది. లెక్కలలో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్లు లేనివే యని అందు అంగీకరింపబడినది. అర్థ మొక్కటియే, మొదటి వాక్యమున విధేయము మరుగుపడినది, రెండవదానిలో వెలికివచ్చినది.

ఆ లేఖయు నిరలంకారము కాదు. పులినెక్కి దిగజాలని వాని స్థితితో పోల్చిన ఉపమ అందు కలదు. ఆ ఉపమ విధేయమును కప్పక ప్రకాశింపజేసినది. కావున దోషము అలంకారమున లేదు, విధేయగోపనమున నున్నది.

దోషప్రకరణమును బోధించు అధ్యాపకులు ఇట్టి ప్రకటనలను ఉదాహరణములుగా గ్రహించుట యుక్తము. విశేషణములను తొలగించి మిగిలిన దేమని ప్రశ్నించుట నేర్చిన విద్యార్థికి ఈ శాస్త్రము పరీక్షయందే కాక, గృహస్థుడై కష్టార్జితమును ఒకరిచేత పెట్టు వేళయందును అక్కరకు వచ్చును.