పేరు మాది, రిజిస్ట్రేషన్ వాళ్లది

ప్రశ్న: 2009 నుంచి పచ్చళ్ల దుకాణం నడుపుతున్నాం. పేరు రిజిస్టర్ చేయించలేదు. దాదాపు అదే పేరుతో మూడేళ్ల క్రితం వచ్చినవాళ్లు రిజిస్టర్ చేయించుకుని, బోర్డు తీసేయమని లాయరు నోటీసు పంపారు. తీసేయాలా?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: తొందరపడి బోర్డు దించకండమ్మా. 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం 34వ సెక్షన్ మీలాంటివాళ్ల కోసమే ఉంది. ఎదుటివాళ్ల వాడకం, వాళ్ల రిజిస్ట్రేషన్ తేదీ, ఈ రెండింటిలో ఏది ముందైతే దానికన్నా ముందు నుంచీ మీరు ఆ పేరును ఆపకుండా వాడుతుంటే, వాళ్లు మిమ్మల్ని ఆపలేరు. తిరునెల్వేలి ‘ఇరుట్టుకడై హల్వా’ తగాదాలో 2015లో సుప్రీంకోర్టు కూడా ముందునుంచీ వాడుతున్నవారి హక్కే బలమైనదంది.

అయితే నోటిమాట చాలదు. పాత బిల్లు పుస్తకాలు, సీసాల లేబుళ్లు, ఆహార లైసెన్సు, ప్రింటింగ్ ప్రెస్ రసీదులు, పెళ్లిళ్ల ఆర్డర్లు ఏడాదివారీగా సర్దండి. మధ్యలో ఖాళీ ఉంటే ఉండనివ్వండి. పాత తేదీతో కొత్త కాగితం పుట్టించారంటే ఉన్న బలమూ పోతుంది.

నోటీసుకు గడువులోగా లాయరుతోనే జవాబిప్పించండి. పచ్చళ్లకు 29, కారప్పొడులకు 30వ తరగతిలో మీరూ దరఖాస్తు పెట్టండి. చిన్న వ్యాపారులకు ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి రుసుము రూ.4,500. వాళ్ల రిజిస్ట్రేషన్ రద్దు చేయమనీ అడగొచ్చు. రిజిస్టర్ కాకుండా లేబుల్ మీద సున్నాలో ‘ఆర్’ గుర్తు వేయకండి, అది చట్టవిరుద్ధం, జరిమానా పడుతుంది.

కోర్టు సమన్లు గానీ, తాత్కాలిక నిలుపుదల ఉత్తర్వు గానీ వస్తే ఆ రోజే ట్రేడ్ మార్క్ కేసులు చూసే లాయరును కలవండి.