చిట్టెమ్మకు, కాలిపుండు సంగతి

కొమరోలు

చిట్టెమ్మా,

వదిన ఫోన్లో ఏడుస్తూ చెప్పింది. నీ కాలిపుండులోంచి ముక్క తీసి చూశారట, వేరే జబ్బులేవీ కావని తేలాక పయోడెర్మా గాంగ్రినోసం అన్నారట. ఆ పేరు విని, నీ కాలు తీసేస్తారేమోనని మీ నాన్న హడలిపోయాడు. గాంగ్రిన్ కాదు, అంటువ్యాధీ కాదు, ఒంట్లో మనల్ని కాయాల్సిన రక్తకణాలే చర్మం మీద పడుతున్నాయని నచ్చజెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

నర్సుగా ఉన్న రోజుల్లో వార్డులో ఇలాంటి కాలు చూశాను. ఊదారంగు అంచు, దుప్పటి తగిలినా కేకపెట్టేంత నొప్పి. కుళ్ళిందనుకుని కోశారు. కోసినకొద్దీ పెద్దదైంది. ఈ పుండుని కెలికితే నిప్పుని కెలికినట్టే. అందుకే, ఏ కొత్త డాక్టరు కత్తెర పట్టుకున్నా ముందు జబ్బు పేరు చెప్పు. మొహమాటపడ్డావో, నా చేత తిట్లు తింటావు! వదిన పసరు కట్టు పంపుతానంది, నేనే వద్దన్నాను. ప్రేమకొద్దీ అంది పాపం, ఏమీ అనకు.

ప్రెడ్నిసొలోన్ మంచిదా, సైక్లోస్పోరిన్ మంచిదా అని అడిగావు. ఇంత అరుదైన జబ్బుకి రెండు మందుల్నీ పక్కపక్కన పెట్టి చూడాలంటే మనుషులు దొరకొద్దూ? బ్రిటన్‌లో ఎన్నో ఆసుపత్రులు కలిస్తే 121 మంది దొరికారు. 2015లో ఫలితాలు వచ్చాయి. ఆరు వారాల్లో మానే వేగంలో తేడా లేదు. ఆరు నెలలకి రెండువైపులా నూటికి 47 మందికే మానింది. మూడింట రెండు వంతుల మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. పెద్ద ఇన్ఫెక్షన్లు మాత్రం ప్రెడ్నిసొలోన్ వాళ్ళకే ఎక్కువ.

దీన్నిబట్టి సైక్లోస్పోరినే మేలని తేల్చెయ్యకు తల్లీ. అది కిడ్నీ మీదా బీపీ మీదా దెబ్బకొడుతుంది. మన పడమటి ఊళ్ళ ఫ్లోరైడు నీళ్ళు, కనిగిరి వైపు కిడ్నీ జబ్బులు ఆ 121 మందికి ఏం తెలుసు? ముందు క్రియాటినిన్ చూపించుకో. అటు ప్రెడ్నిసొలోన్ షుగరు పెంచుతుంది, మీ అమ్మ వైపు అందరికీ షుగరే. రెండిట్లో ఏదైనా లోపల దాగిన టీబీని లేపగలదు, ఛాతీ ఎక్స్‌రే తీయకుండా మొదలుపెట్టనివ్వకు. నీ ఒంట్లో ఏది గట్టిగా ఉందో చూసి మందు ఎంచుకోవాలి, ఏది గొప్పదో చూసి కాదు.

ఇంకోటి. విరేచనంలో రక్తం పడుతోందా? కీళ్ళు వాస్తున్నాయా? సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పు. ఈ పుండు చాలామందిలో పేగుపూతతోనో కీళ్ళవాతంతోనో కలిసి వస్తుంది. ప్రెడ్నిసొలోన్ రాస్తే ముఖం ఉబ్బిందని నీ అంతట నువ్వే మానెయ్యకు. మెల్లగా తగ్గిస్తేనే ఒళ్ళు తట్టుకుంటుంది.

రిపోర్టులు రాగానే ఫోటో తీసి పంపు. సైక్లోస్పోరిన్ ఖరీదని నువ్వేమీ వెనకాడొద్దు. ఆ లెక్క మీ నాన్నా నేనూ చూసుకుంటాం.

నీ అత్త