వాదం, జల్పం, వితండం: అమెరికా వార్తా వ్యాఖ్యాతల పోరు, ప్రేక్షకుని విసుగు

ఇద్దరు మనుష్యులు మాటకు మాట బదులు చెప్పుకొన్నంత మాత్రాన అది చర్చ కాజాలదు. ఈ సంగతిని మన పూర్వులు ఏనాడో గుర్తించినారు. గౌతముని న్యాయసూత్రాలు మాటల పోరును మూడు విధాలుగా విభజించినవి. సత్యాన్ని తెలిసికొనుటకు చేసేది వాదం. గెలుపే ధ్యేయంగా చేసేది జల్పం. తనదంటూ ఒక సిద్ధాంతం నిలుపకుండా ఎదుటివాని మాటను ఖండించుటయే పనిగా పెట్టుకొన్నది వితండం. "వితండవాదం చేయకు" అని ఇంట్లో పెద్దలు పిల్లలను మందలించునపుడు వాడే మాట ఈ శాస్త్రం నుండి వచ్చినదే. అరబ్బీ, ఫారసీ విద్యాసంప్రదాయంలోను ఇట్టి విభాగమే కలదు. సత్యం వెల్లడి కావలెనని ఇరుపక్షాలవారు చేసే పరిశీలన మునాజరా. ప్రతివాదిని లొంగదీయుటకే చేసే పెనుగులాట ముకాబరా. ఉర్దూ, తెలుగు విద్యార్థులు కలసి చదువుకొనే మన కళాశాలలో ఈ రెండు సంప్రదాయాలను ఒకేచోట స్మరించుట సముచితమని తలుస్తున్నాను.

ఈ కొలబద్దను చేతబట్టుకొని, అమెరికాలోని కేబుల్ వార్తా ఛానళ్లలో వ్యాఖ్యాతల మధ్య సాగిన పోరును, దాని వలన ప్రేక్షకునికి కలిగిన విసుగును పరిశీలింతము.

మూడు సంస్థల కాలం

1980కి పూర్వం అమెరికా ప్రజలకు టెలివిజన్‌లో జాతీయ వార్తలు ప్రధానంగా మూడు సంస్థల ద్వారా అందేవి. అవి ఎ.బి.సి., సి.బి.ఎస్., ఎన్.బి.సి. 1962 నుండి 1981 వరకు సి.బి.ఎస్. సాయంకాల వార్తలను వినిపించిన వాల్టర్ క్రాంకైట్ ఆ కాలానికి ప్రతీక. రిపబ్లికన్ పార్టీవారు, డెమొక్రాటిక్ పార్టీవారు కూడ ఆయన నోటనే వార్తలు వినేవారు. ఇందుకు కారణం ఆ సంస్థల నిష్పక్షపాత బుద్ధి ఒక్కటే కాదు, వ్యాపారం కూడ. అందరినీ ఆకర్షింపవలసిన వానికి ఎవరినీ దూరం చేసికొనే వీలు ఉండదు.

దీనికి తోడు ఒక ప్రభుత్వ నియమం ఉండేది. దాని పేరు ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్. 1949లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ దీనిని నెలకొల్పినది. లైసెన్సు పొందిన రేడియో, టెలివిజన్ కేంద్రాలు వివాదాస్పదమైన ప్రజాసమస్యలను చర్చింపవలెను, అందులో భిన్నాభిప్రాయాలకు తావీయవలెను అన్నది దాని సారాంశం. ప్రసార తరంగాలు పరిమితమైనవి కనుక వాటిని వాడుకొనేవారికి బాధ్యత కూడ ఉండవలెనన్నది దాని వెనుకనున్న తర్కం. 1969లో రెడ్ లయన్ కేసులో సుప్రీంకోర్టు దీనిని సమర్థించినది. 1987లో కమిషనే దీనిని రద్దు చేసినది.

నేటి దుస్థితికంతటికీ ఈ రద్దే మూలమని కొందరు చెప్పుదురు. అది సగం నిజం మాత్రమే. ఆ నియమం ప్రసార తరంగాలను వాడుకొనే కేంద్రాలను ఉద్దేశించినది. ఇంటింటికి తీగ ద్వారా వచ్చే కేబుల్ ఛానల్ సంగతి వేరు. కనుక అసలు కారణాన్ని మరొకచోట వెదకవలసి యున్నది.

కేబుల్ తెచ్చిన మార్పు

1980 జూన్ 1వ తేదీన టెడ్ టర్నర్ అట్లాంటా నగరంలో సి.ఎన్.ఎన్. ఛానలును ప్రారంభించినారు. ఇరువది నాలుగు గంటలూ వార్తలే ప్రసారం చేయుట దాని విశేషం. 1996లో మరి రెండు ఛానళ్లు వచ్చినవి. మైక్రోసాఫ్ట్, ఎన్.బి.సి. కలసి జూలై 15న ఎం.ఎస్.ఎన్.బి.సి.ని, రూపర్ట్ మర్డాక్ సంస్థ అక్టోబరు 7న ఫాక్స్ న్యూస్‌ను ఆరంభించినవి. ఫాక్స్‌కు తొలి అధిపతి రోజర్ ఏల్స్.

ఈ ఛానళ్లకు రాబడి రెండు మార్గాల వచ్చును. ఒకటి ప్రకటనలు. రెండవది, కేబుల్ కంపెనీలు చందాదారుల సంఖ్యను బట్టి చెల్లించే రుసుము. చందాదారుడు ఆ ఛానలు చూచినా చూడకున్నా ఈ రుసుము చేరును. అందుచేత దేశమంతా చూడవలసిన అగత్యం లేదు. ఛానలును తొలగించినచో కేబుల్ కంపెనీపై మండిపడే విధేయులైన ప్రేక్షకులు కొందరున్న చాలును. అందరినీ మెప్పించుటలో ఉండిన లాభం కొందరిని ఉద్రేకపరచుటలోకి మారినది. రాత్రింబవళ్లు విలేఖరులను దేశదేశాలకు పంపుట ఖర్చుతో కూడినది. ఒక వ్యాఖ్యాతను బల్ల ముందు కూర్చుండబెట్టి మాట్లాడించుట చౌక.

జల్పం నుండి వితండానికి

1982లో సి.ఎన్.ఎన్. 'క్రాస్‌ఫైర్' అనే కార్యక్రమాన్ని ప్రారంభించినది. ఎడమ పక్షంవారొకరు, కుడి పక్షంవారొకరు ఎదురెదురుగా కూర్చుండి వాదించుకొనేవారు. ఇది జల్పమే. అయినను ఎదుటివాడు ఎదుటనే ఉండేవాడు. అబద్ధమాడినచో అక్కడికక్కడే పట్టుబడే భయం ఉండేది. 2004 అక్టోబరు 15న హాస్య ప్రయోక్త జాన్ స్టూవర్ట్ ఆ కార్యక్రమానికి అతిథిగా వచ్చి, నవ్వించుటకు మారుగా, మీరు చేయుచున్నది చర్చ కాదు, నాటకమని, దీనివలన దేశానికి హాని కలుగుచున్నదని టకర్ కార్ల్‌సన్, పాల్ బెగాలా అనే ఇరువురు నిర్వాహకులను ముఖంమీదనే నిలదీసినారు. 2005 జనవరిలో సి.ఎన్.ఎన్. ఆ కార్యక్రమాన్ని నిలిపివేయుటకు నిశ్చయించినది. స్టూవర్ట్ విమర్శతో తాను ఏకీభవిస్తున్నానని ఆనాటి ఛానలు అధిపతి జొనాథన్ క్లైన్ ప్రకటించినారు.

అయితే క్రాస్‌ఫైర్ స్థానంలో వాదం వచ్చినదా? రాలేదు. ఫాక్స్ న్యూస్‌లో 1996 నుండి షాన్ హానిటీ, అలన్ కోమ్స్ అనే భిన్నపక్షాల వ్యాఖ్యాతలు ఒకే బల్ల వద్ద కూర్చుండేవారు. 2009 జనవరిలో కోమ్స్ తప్పుకొన్నారు. హానిటీ ఒక్కరే మిగిలినారు. ప్రతివాది కుర్చీయే లేకుండ పోయినది. వితండం ఆరంభమైనది ఇక్కడనే.

ఈ ధోరణికి పరాకాష్ఠ బిల్ ఓరైలీ, కీత్ ఓల్బర్‌మన్‌ల పోరు. ఒకరు ఫాక్స్, మరొకరు ఎం.ఎస్.ఎన్.బి.సి. ఇరువురి కార్యక్రమాలు రాత్రి 8 గంటలకే. క్రీడావార్తలు చెప్పి పేరు తెచ్చుకొన్న ఓల్బర్‌మన్ 2003లో తన కార్యక్రమాన్ని ప్రారంభించి, లోకంలోకెల్ల చెడ్డవాడెవ్వడో ప్రకటించే శీర్షికలో ఓరైలీని పదేపదే నిలబెట్టినారు. ఓరైలీ సాధారణంగా ప్రత్యర్థి పేరెత్తక, ఎన్.బి.సి.ని, దాని యజమానియైన జనరల్ ఎలెక్ట్రిక్ కంపెనీని దుయ్యబట్టేవారు. ఏండ్ల తరబడి సాగిన ఈ కలహంలో ఇరువురూ ఒక్కనాడైనను ఒకే వేదికపై కూర్చుండి వాదించుకొన్నవారు కారు. ఎవరి ప్రేక్షకులకు వారు శత్రువును చూపించుటయే జరిగినది.

2009 వేసవిలో ఒక విశేషం బయటపడినది. ఇరువురి యజమాన్య సంస్థల పెద్దలు ఈ దూషణ మానిపించుటకు రాజీ కుదుర్చుకొన్నారని న్యూయార్క్ టైమ్స్ పత్రిక వెల్లడించినది. ఆ రాజీతో తనకు సంబంధం లేదని ఓల్బర్‌మన్ ప్రకటించి మరల తిట్టుట కారంభించినారు. రాజీ నిలువలేదు. కాని పాఠం నిలిచినది. నిజంగా సిద్ధాంతాల కొరకే పోరాటమైనచో యజమానులు బేరమాడి దానిని ఆపజూచుట ఎట్లు పొసగును?

మరొక సంగతి గమనింపదగినది. ఓరైలీ కార్యక్రమాన్ని బాగుగా నడచిన రోజులలో రాత్రికి సుమారు 30 లక్షల మంది చూచేవారు. 2006లో అమెరికా జనసంఖ్య 30 కోట్లకు చేరినది. అనగా నూటికి ఒకరు. దేశమంతా రెండుగా చీలి పోరాడుచున్నట్లు తోచిన ఆ కలహాన్ని నూటికి తొంబదితొమ్మిది మంది చూడనేలేదు.

ప్రేక్షకునికి బందీయైన వ్యాఖ్యాత

వ్యాఖ్యాత ప్రేక్షకుని తన వెంట త్రిప్పుకొనునని మనం భావింతుము. తుదకు జరిగినది వేరు. 2020 అధ్యక్ష ఎన్నికల పిదప డొమినియన్ అనే వోటింగు యంత్రాల కంపెనీ మోసం చేసినదన్న ఆరోపణలు ఫాక్స్ న్యూస్‌లో ప్రసారమైనవి. కంపెనీ పరువునష్టపు దావా వేసినది. ఆ దావాలో బయటపడిన ఉత్తర ప్రత్యుత్తరాలను బట్టి, ఛానలులోని ప్రముఖులు పలువురు ఆ ఆరోపణలను లోలోపల నమ్మలేదని, నిజం చెప్పినచో ప్రేక్షకులు వేరొక ఛానలుకు తరలిపోవుదురని భయపడినారని తేలినది. 2023 ఏప్రిల్ 18న ఫాక్స్ సుమారు 78 కోట్ల 75 లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొని రాజీపడినది.

రెండవ పక్షం సంగతియు చూతము. 2020లో రెండు వేర్వేరు పరువునష్టపు దావాలు కోర్టులలో కొట్టివేయబడినవి. ఒకటి ఫాక్స్ వ్యాఖ్యాత టకర్ కార్ల్‌సన్ మాటలను గురించినది. రెండవది ఎం.ఎస్.ఎన్.బి.సి. వ్యాఖ్యాత్రి రేచల్ మాడో మాటలను గురించినది. రెండింటిలోను న్యాయవాదుల సమర్థన దాదాపు ఒక్కటే: ఇవి అభిప్రాయాలు, అతిశయోక్తులు, వివేకం గల ప్రేక్షకుడు వీటిని అక్షరసత్యంగా తీసికొనడు. రాత్రి ప్రసారంలో ఉత్తర దక్షిణ ధ్రువాలుగా నిలచినవారు పగలు న్యాయస్థానంలో ఒకే మాట పలికినారు.

విసుగు, దాని ఫలితం

ఈ పోరు ఫలితం అంకెలలో కనిపించుచున్నది. పత్రికలు, రేడియో, టెలివిజన్లపై తగినంత విశ్వాసం కలదని 1976లో గాలప్ సంస్థకు చెప్పినవారు నూటికి 72 మంది. 2024లో అట్లు చెప్పినవారు 31 మంది. రాజకీయాలను తలచుకొన్నచో తరచుగా గాని ఎల్లప్పుడు గాని అలసట కలుగుచున్నదని 2023లో ప్యూ పరిశోధన సంస్థకు చెప్పినవారు నూటికి 65 మంది. మోర్ ఇన్ కామన్ అనే సంస్థ 2018లో జరిపిన పరిశీలనలో, ఇరుకొసలకు చెందక విసిగియున్నవారు జనాభాలో మూడింట రెండు వంతులని తేలినది.

విసుగు ఆరోగ్య లక్షణమే కదా అని అనిపింపవచ్చును. చేదును నాలుక ఉమిసివేయుట మంచిదే. కాని ఇందులో ఒక ప్రమాదం పొంచియున్నది. విసిగినవాడు టెలివిజన్ కట్టివేయును. క్రమంగా వార్తలనే మానివేయును. అప్పుడు సభలో మిగిలేది కేకలు వేసేవారు మాత్రమే. నెమ్మదిగలవాడు లేచిపోయిన సభలో తీర్మానాలు ఎవరు చేయుదురో వేరుగా చెప్పనక్కరలేదు.

దీనికి విరుగుడు లేదా? 2020 సెప్టెంబరులో డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా అనే ఆచార్యులు ఒక ప్రయోగం చేసినారు. ఫాక్స్‌ను నిత్యం చూచే కొందరికి గంటకు 15 డాలర్ల చొప్పున చెల్లించి నెలరోజులు సి.ఎన్.ఎన్. చూపించినారు. కొన్ని విషయాలలో వారి అభిప్రాయాలు మారినవి. తమ ఛానలు కొన్ని సంగతులను చెప్పకుండ దాచుచున్నదన్న భావన వారికి కలిగినది. అనగా పక్షపాతం చెప్పిన మాటలో కంటె చెప్పని మాటలో ఎక్కువగా ఉండునన్నమాట. అయితే సొమ్ము చెల్లించుట ఆగిన పిదప వారు పాత అలవాటుకే మరలినారు. వచ్చిన మార్పు చాలవరకు చెరగిపోయినది. మనస్సు మారగలదు, కాని అలవాటు మారనిదే ఆ మార్పు నిలువదని ఈ ప్రయోగం తెలుపుచున్నది.

మనకు దీని పాఠం

మన దేశంలోను, మన భాషలోను ఇరువది నాలుగు గంటల వార్తా ఛానళ్లు వెలసినవి. కనుక పరదేశపు అనుభవం మనకు అక్కరకు వచ్చును. వ్యాఖ్యాత మాట వినునపుడు విద్యార్థి మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఎదుటి పక్షపు వాదాన్ని, ఆ పక్షంవారు ఔననునట్లు ఈయన చెప్పినాడా? జరిగిన సంగతి ఏదో, తన అభిప్రాయం ఏదో విడదీసి చూపినాడా? తన పక్షం చేసిన తప్పును ఎన్నడైనను ఒప్పుకొన్నాడా? మూడింటికీ లేదనియే సమాధానమైనచో అది వితండం. దానిపై విసుగు చెందవచ్చును గాని, ఆ విసుగుతో వార్తనే విడిచిపెట్టరాదు.

మన శాస్త్రగ్రంథాలలో సిద్ధాంతానికి ముందు పూర్వపక్షం ఉండును. పరపక్షాన్ని పూర్తిగా చెప్పి, ఆ మీదటనే ఖండింపవలెను. ఈ మర్యాదను కళాశాలలోనే అలవరచుకొనుట సులభం. కావున కళాశాల కమిటీవారికి, విద్యార్థి సంఘానికి ఒక చిన్న మనవి. వక్తృత్వపు పోటీలలో ప్రతి వక్తయు తన ప్రసంగానికి ముందు ప్రత్యర్థి వాదాన్ని ఒక నిమిషంలో చెప్పవలెనని, అది సక్రమంగా ఉన్నదా లేదా అనే దానికి కూడ మార్కులు కేటాయింపవలెనని నియమం చేయుట మంచిది. ఇందుకు ఖర్చేమియు లేదు. తెలుగులో జరిగే పోటీలోను, ఉర్దూలో జరిగే పోటీలోను దీనిని ఒకే రీతిగా అమలు జరుపవచ్చును. ఎదుటివాని మాటను నిజాయితీతో వినిపింపగలిగిన విద్యార్థి రేపు ఏ ఛానలు ముందు కూర్చున్నను దానికి బానిస కాడు.