బందరు రేవు నేర్పే పాఠం: ప్రపంచీకరణ చారిత్రక మూలాలు

ప్రపంచీకరణ అనే మాట 1991 నాటి ఆర్థిక సంస్కరణల తరువాత మన పత్రికలలో విరివిగా వినబడసాగింది. అందువల్ల అది నిన్నమొన్న పుట్టిన విషయమని మన విద్యార్థులలో పలువురు భావిస్తున్నారు. సరకు, సొమ్ము, మాట, మనిషి ఒక దేశం నుండి మరొక దేశానికి ఎడతెగక సాగిపోవడం, ఒకచోట జరిగిన నిర్ణయం వేరొకచోట మనుషుల బ్రతుకును మార్చివేయడం ప్రపంచీకరణ లక్షణాలు. ఇవి నాలుగు వందల ఏండ్ల క్రిందటనే మన తీరంలో స్పష్టంగా కనబడుతున్నాయి. వాటిని పరిశీలించడానికి దూరదేశాలకు పోనక్కరలేదు. మచిలీపట్నం చరిత్ర చాలు.

క్రీ.శ. 1వ శతాబ్దిలో గ్రీకు భాషలో వ్రాయబడిన 'పెరిప్లస్' అనే నావికా గ్రంథం 'మసాలియా' తీరంలో సన్నని నూలు బట్టలు విస్తారంగా తయారవుతున్నాయని పేర్కొన్నది. అది కృష్ణానదీ ముఖప్రాంతమని చరిత్రకారులు చెబుతారు. కుతుబ్‌షాహీల ఏలుబడిలో (1518–1687) మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి ప్రధానమైన రేవు అయింది. పారశీక వర్తకులు, ఆర్మీనియనులు, తెలుగు కోమట్లు ఒకే బజారులో బేరసారాలు సాగించారు. డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను ఇక్కడ అడుగుపెట్టారు. అబ్దుల్లా కుతుబ్‌షా 1632లో ఇచ్చిన ఫర్మానాను ఇంగ్లీషువారు 'బంగారు ఫర్మానా' అని గొప్పగా చెప్పుకొన్నారు. విదేశీ వర్తకుడు ఈ నేలను ఏలే ప్రభువు అనుమతి పొంది వ్యాపారం చేయడమే నాటి పద్ధతి అని దీనివల్ల గ్రహించవచ్చు.

వారు ఇంత దూరం ఎందుకు వచ్చారు? వారికి కావలసినవి మొదట సుగంధద్రవ్యాలు. అవి పండే తూర్పు దీవుల ప్రజలు ఐరోపా సరకుల కంటె మన తీరపు బట్టలనే కోరారు. కనుక వర్తకులు ఇక్కడ బట్ట కొని, అక్కడ లవంగాలకూ జాజికాయలకూ మారకం వేశారు. బట్ట కొనడానికి తెచ్చిన వెండిలో ఎక్కువ భాగం దక్షిణ అమెరికాలోని పొటోసి వంటి గనులది. అక్కడ కొండజాతులవారిచేత నిర్బంధంగా పని చేయించేవారు. పడమటి ఆఫ్రికాలో బానిసలుగా అమ్ముడుపోయిన మనుషుల వెల కూడా కొంతవరకు మన తీరపు బట్టలతోనే చెల్లింది. ఒకరి ముఖం ఒకరు ఎరుగని వీరందరినీ ఒకే నూలుపోగు కట్టివేసిందని చెప్పవచ్చు.

ఆ కలయిక కేవలం ధనానికి సంబంధించినది కాదు. 'బందరు' అంటే పారశీకంలో రేవు. 'కలంకారీ' అన్న మాటలోని కలం, కారీ రెండూ ఆ భాష ద్వారా వచ్చినవే. చిరివేరు ఎరుపు, నీలిమందు నీలం, కరక్కాయ రసం మాత్రం ఈ నేలవి. అద్దిన చేయి తెలుగువాడిది. రెండు భాషల నీడలో చదువుకొనే మన విద్యార్థులకు ఈ ఒక్క మాటే ఒక పాఠమని మేము భావిస్తున్నాము.

తరువాత కథ తిరగబడింది. మన అద్దకపు బట్టల ధాటికి తట్టుకొనలేక ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించింది. ఇంగ్లండు 1700లోను, 1721లోను చట్టాలు చేసి అడ్డుగోడ కట్టింది. ఆ గోడ చాటున 1764లో హార్‌గ్రీవ్స్, 1769లో ఆర్క్‌రైట్, 1785లో కార్ట్‌రైట్ యంత్రాలు బయలుదేరాయి. ఇక్కడ 1759లో ఇంగ్లీషువారు బందరు కోటను ఫ్రెంచివారి నుండి గెలుచుకొన్నారు. 1765–66లో ఉత్తర సర్కారులు వారి పరమయ్యాయి. కొనుగోలుదారుడే ప్రభువైనాడు. పూర్వం నేతగాడు పలువురు వర్తకులలో తనకు నచ్చినవాడికి బట్ట అమ్ముకొనగలిగేవాడు. కంపెనీ బయానా పుచ్చుకొన్న నేతగాడు కంపెనీకే కట్టుబడవలసి వచ్చింది. 1813 నాటి చార్టర్ చట్టం కంపెనీ గుత్తాధిపత్యాన్ని తొలగించి ఇతర వర్తకులకు కూడా ద్వారం తెరిచింది. మిల్లు బట్ట వెల్లువగా వచ్చిపడింది. 1864 నవంబరు 1న ఉప్పెన వచ్చి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకొనే నాటికే బందరు వైభవం చాలవరకు గతించింది.

తరగతిలో ఈ విషయం చెప్పినప్పుడు విద్యార్థులు మమ్ములను అడిగేది ఒకటే: విదేశీ వ్యాపారం మంచిదా, చెడ్డదా? నేతగాడికి అన్నం పెట్టినదీ ఆ సముద్రమే, అతని నోటికాడి కూడు తీసినదీ ఆ సముద్రమే. సముద్రం మారలేదు. నిబంధనలు వ్రాసే చేయి మారింది. ఇది గతించిన కథ కాదు. 1974 నుండి 2004 చివరి దాకా ధనిక దేశాలు పేదదేశాల బట్టల దిగుమతికి కోటాలు విధించాయి. స్వేచ్ఛావాణిజ్యాన్ని బోధించే ప్రపంచ వాణిజ్య సంస్థ 1995లో ఏర్పడిన తరువాత కూడా పదేండ్ల పాటు ఆ కోటాలు కొనసాగాయి. పెడనలో చెక్క అచ్చులతో అద్దే పనివారు నేటికీ ఉన్నారు. యంత్రం మీద చవకగా తయారయ్యే నకలు బట్టలతో వారు పోటీ పడవలసి వస్తున్నది.

మన ఇండ్ల నుండి గల్ఫు దేశాలకు పోయే యువకుల సంగతి కూడా ఇటువంటిదే. వారు పంపే డబ్బుతో ఇక్కడ ఇల్లు లేస్తుంది, చెల్లెలి పెండ్లి జరుగుతుంది, తమ్ముడు కళాశాలలో చేరుతాడు. అయితే ఒప్పందంలోని షరతులు వ్రాసినవారు వేరు, సంతకం చేసినవారు వేరు. ఏమి వ్రాసి ఉన్నదో చదవకుండా వేలిముద్ర వేసినవాడు బయానా పుచ్చుకొన్న ఆనాటి నేతగాడి వంటివాడే.

కనుక విద్యార్థి మిత్రులారా, ప్రపంచాన్ని చూసి తలుపులు మూసుకొనవలదు. కన్నులు మూసుకొని బయలుదేరనూ వలదు. లెక్క, చట్టం, భాష నేర్చి, షరతులు చదివి, అవసరమైనచోట వాటిని మార్చమని అడగగలవారు మీలోనుండి రావాలి. మన కళాశాల కమిటీవారు ఒకసారి విద్యార్థులను బందరు, పెడనలకు తీసుకొని వెళ్లినట్లయితే, పుస్తకంలో చదివిన ఈ పాఠాన్ని అద్దకపు బల్లల దగ్గర కళ్లారా చూడగలుగుతారని మా విన్నపం.