‘హాండ్స్-ఆన్’ అను విశేషణము

ఒక శిక్షణ పత్రములో ‘హాండ్స్-ఆన్ ట్రైనింగ్’ అని ఉండగా, దానిని ఎవరిచేతనో చదివించుకొని జింగనూరు తండ్రి యొకరు మా యొద్దకు వచ్చి, “సారూ, పిల్లగాని మీద చెయ్యి చేసుకుంటరా?” అని అడిగెను. మాకు నవ్వు వచ్చినది గాని ఆయన తప్పు లేదు. హాండ్స్ అనగా చేతులు, ఆన్ అనగా మీద. విడివిడిగా అర్థము చెప్పుకొన్నచో తెలుగున దెబ్బలే మిగులును.

ఇందలి చేతులు నేర్చువానివి; అవి ఉండునది పనిముట్టు మీద. పంపుసెట్టు బొమ్మను నూరుమార్లు చూచినవానికి ‘హాండ్స్-ఆన్’ అనుభవము లేదు. ఒక్కమారు విప్పి బిగించినవానికి కలదు. మన పిల్లలు మరాఠీలో వినెడి ‘ప్రాత్యక్షిక’ దీనికి దగ్గరిదే. అయితే గురువు చేసి చూపగా చూచుటయు ప్రాత్యక్షికమే యగును, ఇది కాదు. మన ‘చేయి తిరిగిన’ అనునదియు వేరు. అది నేర్పు ఫలము, ఇది నేర్చు విధము. అధికారిని ‘హాండ్స్-ఆన్’ అన్నచో ఆజ్ఞాపించి ఊరకుండక తానును పనిలో దిగువాడని భావము. ‘హాండ్స్-ఆఫ్’ అనగా సోమరి యని కాదు, జోక్యము చేసికొననివాడు.

ఇంతయు విని ఆ తండ్రి, “చేతుల పని ఇంటికాడ లేదా సారూ? అది తప్పాలనే కదా బడికి పంపింది” అనెను. దీనికి మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. మన విదర్భలోని వార్ధాయందే 1937 అక్టోబరులో గాంధీగారి అధ్యక్షతన విద్యాసభ జరిగి, చేతివృత్తి ద్వారా చదువు చెప్పవలెనని తీర్మానించినది. జాకీర్ హుస్సేన్ సంఘము పాఠ్యక్రమము కూర్చినది. బాలురచే చాకిరీ చేయింతురా యని ఆక్షేపించినవారు ఆనాడును కలరు. 2020 జాతీయ విద్యావిధానము 6 నుండి 8వ తరగతులలో పది దినములు పుస్తకాల సంచి లేకుండ వడ్రంగి, తోటమాలి, కుమ్మరి మొదలగువారి యొద్ద పని నేర్వవలెనన్నది. ఎందుకు, ఎంత యను ప్రశ్న లేని పని బడిలో చేయించినను చాకిరియే యని మా అభిప్రాయము.

అందుచేత ఆ బాలునికి ఇంటిలోని వడ్లగుమ్మిని కొలిచి రమ్మంటిమి. త్రాటితో చుట్టుకొలత, కర్రతో ఎత్తు తెచ్చినాడు. లెక్క కట్టించి బస్తాలు తేల్చితిమి. అమ్మకమునాడు రెండు బస్తాలు తగ్గినవి. మూడుమార్లు గుణించినను మా లెక్కలో తప్పు కానరాలేదు. తండ్రి నవ్వి, “అడుగున జానెడు గడ్డి పరిచిన సారూ” అనెను.