బిడ్డల చేతిపనిలో తలిదండ్రులకు పాఠము

చదువవలసిన భాగములు: మత్తయి 18:1–5, యిర్మీయా 18:1–4

తలిదండ్రులు బిడ్డలకు నేర్పవలెనను సంగతి మనమెల్లరము ఎరుగుదుము. అయితే మత్తయి సువార్తలోని ఈ భాగమున పాఠము ఎదురు దిక్కునుండి వచ్చుచున్నది. పరలోకరాజ్యములో గొప్పవాడెవడని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఒక బిడ్డను పిలిచి వారి నడుమ నిలువబెట్టెను. ఆ దినమున పెద్దలే విద్యార్థులు. ఈ నెల మనము అట్టి బిడ్డ చేతులవైపు చూతము. బొమ్మలు గీయుచు, మట్టి పిసుకుచు, ఇసుకలో పిచ్చుకగూళ్లు కట్టుచున్న ఆ చేతులు మనకేమి నేర్పుచున్నవి?

మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములలోని కుటుంబములకు ఈ పాఠము మిక్కిలి అవసరము. చేతిపనులవారి కొరకు 1992లో రూపొందిన శిల్పారామమునకు సమీపముననే 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనది. నేడు అక్కడి అనేక ఆఫీసుల గడియారము అమెరికాతో ముడిపడియున్నది. ఆ దేశపు తూర్పు తీరమున ఉదయము 8 గంటలైనప్పుడు మనకు వేసవిలో సాయంకాలము 5.30, చలికాలములో 6.30 అగును. బడినుండి వచ్చిన బిడ్డ కాగితము చేతపట్టుకొని "ఇటు చూడు నాన్నా" అని పిలుచు వేళయు, మీటింగు మొదలగు వేళయు ఒక్కటే. తెరమీదనుండి కన్ను త్రిప్పకయే "చాలా బాగుంది" అని తండ్రి చెప్పును. తండ్రి చూడలేదని బిడ్డకు తెలియును. ఇట్లు పలుమార్లు జరిగినయెడల ఆ పిలుపే తగ్గిపోవును.

1. అడిగి వినుట

మూడేండ్ల బిడ్డ మనిషిని గీసినప్పుడు తరచుగా ఒక గుండ్రని తలయు, ఆ తలనుండియే దిగిన రెండు కాళ్లును కనబడును. పొట్ట ఏదియని పెద్దలు నవ్వుదురు. అది తప్పు కాదు. పలు దేశముల బిడ్డలు ఇట్లే మొదలుపెట్టుదురు. బిడ్డ కంటికి కనబడినదానికంటె తనకు తెలిసినదానిని గీయునని ఫ్రాన్సు దేశపు పండితుడు లూకే 1927లో ప్రచురించిన గ్రంథమున వివరించెను. అందుచేతనే ఇంటి బొమ్మలో గోడ వెనుకనున్న మంచము కూడ అగుపడును. కాబట్టి "ఇదేమిటి?" అని పరీక్షింపక "దీని కథ చెప్పమ్మా" అని అడుగుడి. ఆకు పచ్చగా ఉండవలెనని రంగు దిద్దినయెడల బొమ్మ మనదగును. బిడ్డ చెప్పబోవు మాట లోపలనే నిలిచిపోవును.

ఇచ్చట ఒక జాగ్రత్త వలయును. అమ్మను పెద్దగాను, నాన్నను మూల చిన్నగాను గీసినంతమాత్రమున ఆ బొమ్మను జాతకమువలె చదువరాదు. కాగితములో చోటు చాలకపోయియుండవచ్చును. అడిగినప్పుడు "నాన్న ఫోనులో ఉన్నాడు, అందుకే అక్కడ" అని బిడ్డ చెప్పినయెడల మాత్రము ఆ మాటకు అడ్డు చెప్పక వినుడి.

2. మరల మొదలుపెట్టుట

బంకమట్టితో బిడ్డ ఏనుగును చేయును. తొండము విరిగిపోవును. కొంతసేపటికి ఆ మట్టియే పాము అగును. బిడ్డలు ఏడువరని కాదు. ఏడ్చి, కన్నులు తుడుచుకొని, మరల మట్టి తీసికొందురు. యిర్మీయా కుమ్మరి ఇంట చూచినదియు ఇదియే: చెడిన కుండ మట్టిని పారవేయక, ఆ కుమ్మరి దానితోనే మరియొక పాత్రను చేసెను. ప్రాజెక్టు పోయినను, ప్రమోషన్ రాకపోయినను తమ విలువయే పోయినట్లు కుంగిపోవు పెద్దలకు బిడ్డ ప్రక్కన కూర్చుండి మట్టి పిసుకుట మేలు చేయును.

3. మన పనిలో బిడ్డకు చోటిచ్చుట

చార్లెస్ డార్విన్ 1859లో జీవజాతుల పుట్టుకను గూర్చిన గ్రంథమును ప్రకటించెను. ఆయన సిద్ధాంతమును గూర్చిన చర్చతో మనకిక్కడ పని లేదు. ఆ గ్రంథపు వ్రాతప్రతిలో నేడు మిగిలినవి కొద్ది కాగితములే. వాటిలో కొన్నింటి వెనుక ఆయన పిల్లలు గీసిన బొమ్మలున్నవి. ఆ బొమ్మల కారణముననే అవి భద్రపరచబడినవని పరిశోధకులు తలంచుచున్నారు. అంత పనిలోనున్న తండ్రి కాగితములు పిల్లల చేతికి అందుచుండెను.

మన తెలుగునాట 'రేడియో అన్నయ్య', 'రేడియో అక్కయ్య'లుగా పేరొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించి, 1945లో 'బాల' పత్రికను ప్రారంభించిరి. పిల్లలకు వినిపించుటతో తృప్తిపడక, పిల్లలచేతనే పాడించి ఆడించిరి. పెద్దలు ప్రక్కకు జరిగి చోటిచ్చినప్పుడు బిడ్డలలోని వరము బయలుపడును.

ఈ వారము చేయవలసినది

దినమునకు పదిహేను నిమిషములు చాలును. ఫోనును మరియొక గదిలో నుంచుడి. పాత కాగితములు, పెన్సిలు, కొంచెము బంకమట్టి సిద్ధపరచుడి. ఏమి చేయవలెనో బిడ్డయే చెప్పవలెను, మీరు సహాయకులు. మీటింగు తప్పనిదైనయెడల చూడకయే మెచ్చుకొనక, "ఏడున్నరకు చూస్తాను" అని చెప్పి, ఆ వేళకు తప్పక వెళ్లుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీ బిడ్డ కడపట చూపిన బొమ్మలో ఏమున్నదో చెప్పగలరా?
2. బిడ్డ మిమ్మును ఎక్కువగా పిలుచు వేళ ఏది? ఆ వేళ మీరు ఏ పనిలో నుందురు?
3. ఈ నెల మీ బిడ్డయొద్ద మీరు నేర్చుకొనిన ఒక సంగతిని కుటుంబ ప్రార్థనలో, బిడ్డ వినుచుండగా చెప్పుడి.