బందులకి నూనె వేశావా?

నరసాపురం,
ఫాల్గుణ మాసం

చిట్టితల్లీ,

నిన్న వీడియోలో మీ హాలు కిటికీ చూశాను. నీ వెనక సముద్రం కనిపించాల్సిన చోట తెల్లటి పొర కనిపించింది. అడిగితే "దుమ్ము పెద్దమ్మా, పనమ్మాయి రోజూ పొడిగుడ్డతో రుద్దుతోంది" అన్నావు. అది దుమ్ము కాదే, ఉప్పు! సముద్రపు గాలి మోసుకొచ్చి అంటించిన ఉప్పు. పొడిగుడ్డ పెట్టి రుద్దితే అద్దం మీద గీతలు పడొచ్చు. కోప్పడుతున్నాననుకోకు. కొత్త ఇల్లు, ఇద్దరూ ఉద్యోగాలు, నీకు ఊపిరి సలపదని నాకు తెలుసు. ఫోనులో చెబితే సరేసరే అని పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

ఇక్కడ అందరం బాగున్నాం. అంతర్వేది తీర్థం అయిపోయాక పంటు దగ్గర రద్దీ తగ్గింది. పెరట్లో మామిడి పిందె కట్టింది. ఉగాది దగ్గర పడుతోందని కిటికీల పని మొదలుపెట్టాను. పద్నాలుగు కిటికీలు, రోజుకి రెండు. ఈసారి ఒక్కటీ వదలను. ఎందుకో నీకు పూర్తిగా చెప్పలేదు.

పోయిన ఏడాది ఇదే రోజుల్లో ఉత్తరం వైపు కిటికీ రెక్క కిర్రుమంది. వచ్చేవారం నూనె వేద్దాంలే అనుకున్నాను. పైన రంగు నిగనిగలాడుతుంటే లోపల బందు తుప్పు పట్టిందని ఎలా అనుకుంటాను? ఆ వచ్చేవారం రానేలేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను మన ఊరికి దగ్గర్లోనే తీరం దాటింది చూడు, ఆ గాలికి కింది బందు పెళుక్కున విరిగింది. రెక్క పై బందు మీద వేలాడుతూ గోడకేసి కొట్టుకుని అద్దాలన్నీ రాలిపోయాయి. తెల్లవారేదాకా మీ పెద్దనాన్న బల్ల అడ్డం పెట్టి పట్టుకునే నిలబడ్డారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి! రెండు చుక్కల నూనె వెయ్యనందుకు ఆయన్ని అలా నిలబెట్టాను.

ఆ కిటికీకే అమ్మమ్మ అల్లిన లేసు తెర ఉండేది. మన నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చూసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ తెరే. మధ్యాహ్నం వంటయ్యాక వీధరుగు మీద కూర్చుని, వేలికి దారం చుట్టుకుని, కొక్కెం సూదితో పువ్వు పక్కన పువ్వు అల్లేది. ఆ తుఫానుకి తడిసిన ఊచలకి రాత్రంతా అతుక్కుపోయి తెర నిండా తుప్పు చారలు. నేను కంగారులో బ్లీచింగ్ నీళ్ళలో పడేశాను. చారలు పోకపోగా ఇంకా ముదిరాయి. తుప్పు మరక్కి బ్లీచింగ్ తగలకూడదట, తర్వాత తెలిసింది. నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టి, కడిగి, మళ్ళీ రాసి... నాలుగు రోజులు తంటాలు పడితే చాలావరకు పోయాయి. చివరి వరసలో ఒక పువ్వు మాత్రం ఇంకా పచ్చగానే ఉంది.

అందుకని చెబుతున్నాను, విను. అద్దం ఎవరైనా తుడుస్తారు. నువ్వు చూడాల్సింది బందులు, గడియలు, మేకులు, ఫ్రేము మూలలు. వానాకాలంలో జాడీలో ఉప్పు ఎలా చెమ్మగిల్లుతుందో, అక్కడ చేరిన ఉప్పూ అలాగే తేమ పట్టి ఇనుమును తినేస్తుంది. ముందు మంచినీళ్ళలో ముంచిన మెత్తటి గుడ్డతో పైనుంచి కిందికి, రెండుసార్లు, రుద్దకుండా తడిపి ఉప్పు దింపు. ఆ తర్వాతే గిన్నెలు తోమే సబ్బు నాలుగు చుక్కలు వేసిన నీళ్ళు. ఎండ తగలకముందే చెయ్యి, లేకపోతే సబ్బు ఆరిపోయి మరకలు కడుతుంది. మీవి అల్యూమినియం ఫ్రేములు కాబట్టి బూడిద, సున్నం, సోడా దగ్గరికి రానివ్వకు. బందులకి కుట్టుమిషను నూనె వెయ్యి. కొబ్బరినూనె వద్దు, నేను ఏళ్ళ తరబడి అదే వేశాను, జిగురు కట్టి దుమ్మంతా పట్టేది.

ఇంకోటి. జరిపే కిటికీల కింద పట్టాల్లో బయటివైపు చిన్న కన్నాలుంటాయి. వాననీళ్ళు పోవడానికే అవి. మీ తమ్ముడి గదిలో వాటిలోంచి చీమలొస్తున్నాయని నేనే లప్పం పెట్టి మూసేశాను. మొదటి వానకే పట్టా నిండి నీళ్ళు మంచం కిందికొచ్చాయి. పాత బ్రష్షుతో పట్టా శుభ్రం చేసి, చీపురుపుల్లతో కన్నాలు పొడిచి, గ్లాసుడు నీళ్ళు పోసి చూడు. బయటికి జారిపోవాలి.

బయటివైపు అద్దం మాత్రం నువ్వు తుడవొద్దు. అయిదో అంతస్తు! వంగొద్దు, స్టూలెక్కొద్దు, పనమ్మాయినీ ఎక్కించొద్దు. ఆ పిల్లకీ ఇంటి దగ్గర ఎదురుచూసే వాళ్ళుంటారు. తాడు కట్టుకుని పనిచేసే మనుషులుంటారు, ఉగాదికి ముందు ఒకసారి, వానలు వెళ్ళాక ఒకసారి పిలిపించు. డబ్బు చూసుకోకు, కావాలంటే నేను పంపుతాను.

ఇక్కడ రేపు ఊచల పని. తుప్పు గీకించి అదేపూట రెడ్ ఆక్సైడ్ కొట్టించాలి. మన గాలికి రాత్రి వదిలేస్తే పొద్దున్నకి మళ్ళీ ఎర్రబడుతుంది. కొత్త బందులు ఇత్తడివి వేయించాను. ఖరీదెక్కువే, మీ పెద్దనాన్న ఒక్క మాట అనలేదు.

ఉగాదికి మీరిద్దరూ వచ్చినప్పుడు అమ్మమ్మ తెర నీకిచ్చేస్తాను. కిటికీకి జానెడు దూరంలో కట్టుకో, తడి తగలనివ్వకు. ఉతికితే పిండకు, తువ్వాలు మీద పరిచి నీడన ఆరబెట్టు. పచ్చ పువ్వు కిందికి వచ్చేలా కడితే సోఫా చాటున కనపడదు.

అల్లుడుగారికి ఆశీస్సులు. ఆదివారం పొద్దున్నే వీడియో చేస్తాను, ఫోను కిటికీ దగ్గర పెట్టు. సముద్రం కనిపించాలి నాకు.

మీ పెద్దమ్మ